తవిటి ముడి

అనగా అనగా, మన తాతల తాతలకి ఇంకా మీసాలు మొలవని కాలంలో, కొండ కింద ఏటి గట్టున ఒక మేదరి వీధి ఉండేది. ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొడితేనే నా కథ నడుస్తుంది, లేకపోతే అక్కడే చతికిలబడుతుంది. ఆఁ, అలాగ.

ఆ వీధిలో అందరిదీ ఒకటే పని. అడివికెళ్ళి వెదురు నరకడం, ఇంటికి తెచ్చి చీల్చడం, గంపలు అల్లడం, వారానికోసారి బండికెత్తి సంతకి పంపడం. ఎవరి గంప ఆ బండెక్కితే వాళ్ళకి అడివి వెదురులో వాటా. బండెక్కకపోతే వాటా లేదు. వాటా లేకపోతే ఇంకేముంది, ఎవరో ఒకరు పెట్టే ముద్ద కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడమే.

ఆ వీధిలోనే మరిడి అని ఒకావిడ. మొగుడు పోయాడు. పిల్లలా, పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయారు. ఒకడు పోయాడు, రెండోది పోయింది, మూడోవాడూ పోయాడు. నాలుగోసారి ఆడపిల్ల పుడితే, చావు కళ్ళు కప్పాలని పిల్లని చేటలో పడుకోబెట్టి పొరుగావిడ చేతికిచ్చేసింది. మళ్ళీ మానెడు తవుడు పోసి కొనుక్కుంది. అందుకని పిల్లకి తవిటి అని పేరు పెట్టారు.

పిల్ల బతికింది. కానీ నడక మూడో ఏట వచ్చింది, మాట ఆరో ఏట వచ్చింది. ఒక్క మాట చెబితే గట్టిగా పట్టుకునేది. రెండో మాట చెబితే మొదటిది జారిపోయేది. మూడో మాట కూడా చెప్పారో, మూడూ పోయి, నోరు తెరుచుకుని నవ్వేది.

ఆ వీధివాళ్ళు చెడ్డవాళ్ళు కారండోయ్. అలా అన్నానంటే నా నోట పురుగులు పడతాయి. తవిటి కనబడితే పిలిచి గంజి పోసేవాళ్ళు, తల దువ్వేవాళ్ళు, "పాపం, పిచ్చి తల్లి" అనేవాళ్ళు. పని మాత్రం ఇచ్చేవాళ్ళు కారు.

మరిడి పొయ్యి దగ్గర కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతూ, మధ్యలో ఆపి, "నేను కళ్ళు మూస్తే నువ్వెలా బతుకుతావే?" అనేది. అది ఒక్క మాటే కదా, తవిటికి బాగా అర్థమయింది. రోజూ అర్థమయింది. అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చునేది.

పిల్లకి పన్నెండేళ్ళు వచ్చాయి. మరిడి గుండె దిటవు చేసుకుని పని నేర్పించడానికి బయల్దేరింది.

ఆ వీధిలో ఒక నమ్మకం ఉండేది. ఎవరైనా సరే, మొదట కత్తి పట్టి వెదురు చీల్చాలి. బద్ద తిన్నగా చీలిందా, చెయ్యి మంచిది. పక్కకి చీలిందా, ఆ చేతికి పని అచ్చిరాదు. చీల్చడం వస్తేనే అల్లికకి సన్నటి దబ్బలు తియ్యడం, అది వస్తేనే అడుగు పరచడం, తర్వాత గోడ అల్లడం, చిట్టచివర మూతి కట్టి ముడి వెయ్యడం.

ముందు మేనమామ దగ్గరికి తీసుకెళ్ళింది. మేనమామ కత్తికి పసుపు రాసి ఇచ్చాడు. "కత్తి ఇలా పట్టుకో, వెదురు అలా నిలబెట్టు, గణుపు దగ్గర ఒత్తు" అన్నాడు. మూడు మాటలు! వెదురు గుర్తొచ్చేసరికి కత్తి మాట పోయింది. గణుపు గుర్తొచ్చేసరికి వెదురు మాట పోయింది. వెదురు పక్కకి చీలింది, వేలు తెగింది. మేనమామ వేలికి పసుపు అద్ది, "అక్కా, ఈ చేతికి పని అచ్చిరాదు. ఓ ముద్ద నేను పెడతాలే" అన్నాడు.

పక్కింటి పిన్ని దగ్గరికి తీసుకెళ్ళింది. పిన్ని నెమ్మదైన మనిషి, మూడు మాటలూ ముచ్చటగా చెప్పింది. వెదురు పక్కకి చీలింది. "అక్కా, ఈ చేతికి పని అచ్చిరాదు. ఓ ముద్ద నేను పెడతాలే" అంది.

చివరికి కులపెద్ద అసిరయ్య దగ్గరికే తీసుకెళ్ళింది. అసిరయ్య చెయ్యి అంటే ఏడూళ్ళలో పేరు. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనే చెబుతాడనుకోండి. ఆయన మూడు మాటలూ గట్టిగా అరిచి చెప్పాడు. అరిస్తే బుర్రకెక్కుతుందని ఆయన ఉద్దేశం. వెదురు పక్కకి చీలింది సరే, తవిటి భయపడి కత్తి కూడా వదిలేసింది. "మరిడీ, ఈ చేతికి పని అచ్చిరాదు. ముద్దకేం లోటు, మేం లేమా?" అన్నాడు.

మూడు ముద్దలు దొరికాయి. మరిడి వాటిని తలుచుకుని ఇంటికొచ్చి బోరుమంది. తవిటి తెగిన వేలు చూసుకుంటూ, తనవల్లే అమ్మ ఏడుస్తోందని తెలిసి, తను కూడా ఏడ్చింది.

ఇలా ఉండగా, వీధి చివర ఎల్లారమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. నోరు విప్పితే కాకులు ఎగిరిపోవాలి. అంత నోరు! పని మాత్రం బంగారం. అయితే కీళ్ళు పట్టేసి వేళ్ళలో బిగువు పోయింది. గోడ దాకా ఎలాగో అల్లేది, మూతి చుట్టూ కట్టు తిప్పేది, ఆఖరి ముడి మాత్రం లాగి బిగించలేకపోయేది. ముడి పడని గంపలు ఇంటినిండా పేరుకుపోయాయి.

ఒకరోజు మరిడి గంజి ఇవ్వడానికి వెళ్ళింది. వెనకాలే తవిటి వెళ్ళింది. ఎల్లారమ్మ గంప కాళ్ళ మధ్య పెట్టుకుని, దబ్బ కొసని లాగలేక, వెదుర్ని పుట్టించిన దేవుణ్ణి తిడుతోంది.

"ఒసే పిల్లా, అలా గుడ్లప్పగించి చూస్తావేం? లాగు!"

ఒక్క మాట. తవిటి వచ్చింది, కొస పట్టుకుంది, లాగింది. ముడి చిటుక్కున బిగిసింది.

"అయింది" అంది ఎల్లారమ్మ, గంప పక్కన పెడుతూ.

తవిటి గంప వైపు చూసింది. తన చేతుల వైపు చూసింది. తన చేతిలో ఇంతవరకు ఏదీ అవలేదు. చీలింది, విరిగింది, తెగింది, అంతే. "అయింది?" అంది.

"అయిందే, చెవుడా నీకు?"

"అయింది!" అని కేక పెట్టి, గంప నెత్తిన పెట్టుకుని వీధంతా పరుగెత్తింది. మేనమామకి చూపించింది, పిన్నికి చూపించింది, అసిరయ్యకి చూపించింది. "గంపంతా ముసల్ది అల్లితే, ఊరేగింపు నీదా!" అని అందరూ నవ్వారు. తవిటి కూడా నవ్వింది. నవ్వి, మర్నాడు పొద్దున్నే ఎల్లారమ్మ గుమ్మంలో నిలబడి, "లాగనా?" అంది.

ఎల్లారమ్మ నవ్వలేదు. పిల్ల వెనకాలే వచ్చిన మరిడిని లోపలికి పిలిచింది.

"ఒసే మరిడీ, మనమంతా ఎంత మొద్దులమే! మొదలు దగ్గరే పడిపోయే పిల్లని రోజూ తీసుకెళ్ళి మొదలు దగ్గరే నిలబెడుతున్నాం. దీనికి తుది ఎప్పుడు కనబడాలి? నేను దీనికి తుది నుంచి నేర్పుతాను."

"అత్తా, అలా ఎక్కడైనా ఉందా?"

"లేదు. ఇకనుంచి ఉంటుంది. నువ్వెళ్ళి గంజి కాచుకో."

నెల రోజులు ఒక్క ముడి. ముడి చేతిలో కూర్చున్నాక, ముడికి ముందుండే చివరి చుట్టు. చుట్టు కూర్చున్నాక, మూతి కట్టంతా. ఒక్కో మెట్టు వెనక్కి. ఒక్కోసారి ఒక్కటే మాట. ఎల్లారమ్మ తిట్లకేం తక్కువ లేదు. కానీ ఏ రోజైనా సాయంత్రానికి తవిటి చేతిలో పూర్తయిన గంప ఉండేది. "అయింది!" అనేది. ఆ మాట అనడానికే పొద్దున్నే లేచేది.

మొదటి వానాకాలానికి మూతి వచ్చింది. రెండో వానాకాలానికి గోడ వచ్చింది. మూడో వానాకాలానికి అడుగు వచ్చింది, దబ్బలు వచ్చాయి, అన్నిటికంటే ఆఖర్న కత్తి చేతికొచ్చింది. వెదురు నిలబెట్టి గణుపు దగ్గర ఒత్తితే, తిన్నగా రెండుగా చీలింది. ఎల్లారమ్మ తిట్టడం మర్చిపోయింది.

అప్పటికి మరిడి దగ్గుతో మంచం పట్టింది. "నా పిల్ల గంప బండెక్కడం ఈ కళ్ళతో చూడాలి, వాటా ఇప్పించండి" అని కబురు పెట్టింది.

అసిరయ్య ఒప్పుకోలేదు. "ఆ పిల్ల మీద నాకేం పగ? ముద్ద కావాలంటే పెడతాను. కానీ మన బండి మీద దాని గంప వెళ్తే వీధి పరువు ఏటిపాలవుతుంది. వంద గంపల్లో పెట్టినా ఒక్క చూపుతో పట్టేస్తాను."

"పట్టు మరి! పట్టుకుంటే దాని చేత ఇంక కత్తి ముట్టించను. పట్టుకోలేకపోతే వాటా ఇవ్వాలి" అంది ఎల్లారమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని.

సంత రోజు పొద్దున్న వీధి నడుమ గంపలన్నీ కుప్పపోశారు. అందులో ఒకటి తవిటిది. మరిడిని మంచంతో సహా మోసుకొచ్చారు. తవిటి అమ్మ కాళ్ళ దగ్గర నిలబడింది. గంప పట్టుబడితే కత్తి పోతుంది, కత్తి పోతే అమ్మ ఏడుస్తుంది. అంతవరకు పిల్లకి తెలుసు. చీర కొంగు గుప్పిట్లో నలుపుకుంటోంది.

అసిరయ్య మీసం దువ్వి, కుప్ప చుట్టూ మూడుసార్లు తిరిగి, ఒక గంప బయటికి లాగాడు. "ఇదిగో! నడుం ఎంత వదులుగా ఉందో చూడండి!"

మేనమామ తల గోక్కున్నాడు. "బావా... అది నాది."

అసిరయ్య గొంతు సవరించుకుని ఇంకోటి లాగాడు. "తొందరపడ్డాను. ఇదీ దానిది! మూతి ఎంత వంకర!"

"అన్నా, నేను అల్లిందానికి వంకలు పెడతావేం?" అని పిన్ని మూతి తిప్పింది.

జనం కిసుక్కుమన్నారు. అసిరయ్యకి చెమట పట్టింది. ఈసారి ఒక్కోటీ తిరగేసి, బోర్లించి, వాసన కూడా చూసినంత పని చేసి, మూడోది పైకెత్తాడు. "నా మీసం మీద ఒట్టు, ఇది దానిదే! ఈ అడుగు చూడండి, తప్పుల తడక! మేదరి పుట్టుక పుట్టినవాడెవడైనా ఇలా పరుస్తాడా?"

ఇది నాదని ఎవ్వరూ అనలేదు. ఎల్లారమ్మ కూడా నోరు మూసుకుంది. మరిడి కళ్ళు మూసుకుంది.

అప్పుడు అసిరయ్య పెళ్ళాం కొంగు నోటికడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది. "అయ్యో రామ! ఏమయ్యా, మొన్న నామీద అలిగి, అటు తిరిగి కూర్చుని నువ్వు అల్లిన గంపే కదయ్యా అది! ఇదిగో, నీ చుట్ట నిప్పు రాలి కాలిన మచ్చ!"

వీధి వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఎద్దులు బెదిరాయి. నవ్వి నవ్వి, "మరి తవిటిది ఏదీ?" అన్నారు.

తవిటి వచ్చి కుప్పలో చెయ్యి పెట్టి, తన గంప తీసి, అసిరయ్య ముందు పెట్టింది. ఎలా ఉందనుకున్నారు? బంగారంలా మెరిసిపోయిందనుకున్నారా? ఏం లేదు. అందరి గంపల్లాగే ఉంది. అంతకంటే ఇంకేం కావాలి చెప్పండి!

అసిరయ్య గొప్పలు పోయేవాడే గానీ మాట తప్పేవాడు కాదు. గంపని కింద బోర్లించి, ఎక్కి నిలబడ్డాడు. కుంగకుండా ఆగింది. దిగి, దాన్ని తన చేతులతోనే బండెక్కించాడు. నడుమున ఉన్న కత్తి తీసి తవిటికి ఇచ్చాడు. "తల్లీ, నా కత్తి. రేపు అడివిలో నీ వాటా నువ్వే నరుక్కో" అన్నాడు.

తవిటి పరుగెత్తుకెళ్ళి మంచం మీద వాలి, "అమ్మా, అయింది!" అంది.

మరిడి పిల్లని గుండెకి హత్తుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా వీధంతా వినేలా ఏడ్చింది. "ఇంక నాకు భయం లేదే తల్లీ, ఇంక భయం లేదు" అంది.

కోతల దాకా బతికి, నిశ్చింతగా పోయింది. మూడు రోజులు వీధివాళ్ళు తవిటికి అన్నం తెచ్చిపెట్టారు. నాలుగో రోజు తవిటి ముఖం కడుక్కుని, కత్తి తీసుకుని అడివికెళ్ళింది. చాలా రోజులు దారి పొడుగునా అమ్మని తలుచుకుని ఏడుస్తూనే వెళ్ళింది, వెదురు తెస్తూనే ఉంది.

ఆ తర్వాత సంగతి చుట్టుపక్కల పాకింది. చెవులు వినపడని పిల్లని ఒకరు తీసుకొచ్చారు. చెరుకు గానుగలో చెయ్యి నలిగిపోయినవాడు తనంతట తనే వచ్చాడు. ఏం చెప్పినా మర్చిపోయే పిల్లల్ని, అచ్చం తవిటి లాంటివాళ్ళని, కొండ దిగి అమ్మలు తీసుకొచ్చారు. తవిటికి తెలిసిన దారి ఒక్కటే. చివరి ముడి చేతికిచ్చేది, "లాగు" అనేది. వినపడని పిల్లకి లాగి చూపించేది. ఒంటిచేతి వాడికి ఎలాగో తోచక మూడు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుంది. నాలుగో రోజు గంప వాడి పాదాల మధ్య బిగించి, కొస చేతికిచ్చి, "లాగు" అంది. వాడు లాగాడు. "అయింది!" అని తవిటి వాడికంటే ముందు కేక పెట్టింది.

తల నెరిసి, పళ్ళూడి, మునిమనవల ఈడు పిల్లలకి పని నేర్పి, తవిటి ఒకరోజు గంప మూతి కడుతూ కడుతూ గోడకి చేరబడి, అలాగే వెళ్ళిపోయింది. పోయేసరికి వీధిలో ఒక్కరు కూడా ఎవరి ముద్ద కోసం కూర్చుని లేరు. ఆ గంప ముడి ఎవరు వెయ్యాలని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, అంతకు ముందురోజే వీధికి వచ్చిన ఒక పిల్ల, నత్తి పిల్ల, వెళ్ళి కూర్చుని కొస లాగింది.

అదిగో, ఆనాటి నుంచి ఆ వైపు మేదరి వీధుల్లో ఆఖరి ముడిని తవిటి ముడి అంటారు. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, కుంటివాడైనా గుడ్డివాడైనా కులపెద్ద కొడుకైనా, మొదటి రోజు చేతికి కత్తి ఇవ్వరు. ముడి వేయిస్తారు. వేసిన వెంటనే వీధి మొత్తం "అయింది!" అని అరుస్తుంది.

మీరెప్పుడైనా ఆ వైపు సంతకి వెళ్తే చూడండి. రైతులు గంపల్ని తిరగేసి తిరగేసి, ముడి కాస్త వంకరగా పడినదాన్ని ఏరుకుని మరీ తీసుకుంటారు. తొలి విత్తనం అందులోనే చేనికి మోస్తారు. వంకర గంప ఎందుకయ్యా అని అడిగితే, "వంకరా? ఎవరిదో మొదటి రోజు అది" అంటారు.