ఎలీశమ్మకు కొట్టని గంట

అనగనగా అని నేనంటాను, మీరు ఊ కొట్టాలి. ఊ కొట్టేవాళ్లుంటేనే ఎలీశమ్మ ఉన్నట్టు.

కాలవ కొత్తగా తవ్విన రోజులవి. కాలవగట్టు కింద ఒక పాలెం. పాలెంలో మట్టిగోడల గుడి, దానికి తాటాకు కప్పు. ప్రభువు గుడే గాని, గుడికి గంట లేదు.

ఆ పాలెంలో ఎలీశమ్మ అని ఒక కూలిమనిషి ఉండేది. కాలవ తవ్వుతుంటే గట్టు విరిగి మీదపడి ఆమె మొగుడు పోయాడు. పిల్లల్లేరు. మేస్త్రీ చేతిలో పెట్టిన రూపాయల్ని మూటగట్టి నడుముకి దోపుకుని తిరిగేది. మొగుణ్ని పూడ్చిననాడు ఒకటే వాన. పాట లేదు, గంట లేదు. కుక్కని పూడ్చినట్టు పూడ్చామని ఆమెకి దిగులు.

"నేను పోయిననాడు గంట మోగాలి. దిక్కున్న మనిషే పోయిందని నలుగురికీ తెలియాలి" అనేది. ఆమె కోరిక అదొక్కటే.

సంఘానికి పెద్ద జెకర్యా. తెల్లటి పంచె, బొంగురు గొంతు, మాటకారి. ఆయనకొక ఆలోచన వచ్చింది. అందరి డబ్బూ ఒకచోట వేసి, కోతలప్పుడు వడ్లు కొనాలి. ఆషాఢంలో, గింజ దొరకని రోజుల్లో, వాటిని నాగుకివ్వాలి. బస్తా తీసుకున్నవాడు పంట రాగానే బస్తాన్నర తెచ్చి పోయాలి. అలా పెరిగినదాంతో గంట కొనాలి.

మొదటిసారి వచ్చాడు.

"ఎలీశమ్మా, మూట విప్పు. గంట నీ కోసమే మోగుద్ది."

ఆమె చెయ్యి నడుము దాకా పోయింది. అక్కడే ఆగింది.

"పెద్దయ్యా, ఆ పై అరబస్తా ఎవరి కుండలోది?"

"అడిగి పట్టుకెళ్లినవాడిది. మనమేమైనా మెడబట్టి ఇస్తన్నామా?"

"ఆకలి మెడబట్టి తెస్తదయ్యా. ప్రభువు పేరు జెప్పుకునే డబ్బు ఆ పని చెయ్యకూడదు."

రెండోసారి వాక్యం పట్టుకొచ్చాడు.

"యజమాని ఇచ్చిన సొమ్ము మట్టిలో పాతిపెట్టిన దాసుణ్ని ఏం చేశారు? చీకట్లోకి గెంటారు. సొమ్ము పెరగాలమ్మా!"

"పాతిపెట్టను, పెంచుతాను. గాని ఆ పై అరబస్తా ఎవరి కుండలోది?"

మూడోసారి కోపంగా వచ్చాడు. "డబ్బేసినోళ్లకే గంట. నువ్వు మూగగా పోతావు, చూసుకో!"

ఆ మాట తగలాల్సినచోట తగిలింది. ఎలీశమ్మ లోపలికెళ్లి మోకరించింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఎవరి కుండలోది, పెద్దయ్యా?" అంది. అంతే అంది.

మర్నాడు సంతకెళ్లి మూడు మేకల్ని కొంది. మూడిళ్లకు పాలికిచ్చింది. కుంటి యాకోబుకొకటి. పిల్లల తల్లి రూతమ్మకొకటి. బుట్టలల్లే పోలమ్మకొకటి. పోలమ్మ ఆ సంఘం మనిషి కూడా కాదు.

"మొదటి పిల్ల మేపినోళ్లది, రెండోది నాది. చస్తే ఇద్దరికీ చచ్చినట్టే" అని చెప్పింది.

"మేకల షావుకారు వస్తోంది, లేచి నిలబడండ్రా!" అని గట్టుమీద కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

మేకలు ఈనాయి. తన వంతు పిల్లల్ని ఇంకో మూడిళ్లకిచ్చింది. రూతమ్మ పిల్లలు పాలు తాగారు. యాకోబు తన వంతు పోతుపిల్లను అమ్మి నూకలు కొన్నాడు. ఆ ఆషాఢం వాళ్లెవరూ జెకర్యా గడప తొక్కలేదు. జెకర్యాకి నిద్రపట్టలేదు.

మరుసటేడు ముసురుకి పారుడు రోగం వచ్చింది. పొద్దున లేచిన మేక సాయంత్రానికి లేదు. ఒక్కటీ మిగల్లేదు.

రూతమ్మ ఏడుస్తూ వచ్చింది. "నీ సొమ్ము పోగొట్టానక్కా."

"నా ఒక్కదానిదే పోయిందా? నీదీ పోయిందిగదే పిచ్చిదానా" అంది ఎలీశమ్మ.

ఆదివారం జెకర్యా గుడిలో నిలబడ్డాడు. "మట్టిలో పాతినోడికి అసలైనా మిగిలింది. మేకల్లో పాతినామెకి అదీ లేదు!" అన్నాడు. గుడంతా నవ్వింది. యాకోబు కూడా నవ్వాడు. ఆ ఏడు అతనికి జెకర్యా వడ్లు కావాలి.

ఎలీశమ్మ తలొంచుకుంది. 'ప్రభువా, తప్పు చేశానా?' అని లోలోపల అడిగింది.

ఆ ఏడు నాగు బాగా వచ్చింది. గంట వచ్చింది. మెరుస్తున్న కంచుగంట. మొదటిసారి మోగించిననాడు ఆమె అందరికన్నా వెనక నిలబడి విన్నది. "ఎంత బాగుంది!" అంది. నిజంగానే అంది.

ఎండాకాలంలో ఎలీశమ్మ పోయింది.

యాకోబు కుంటుకుంటూ జెకర్యా దగ్గరికెళ్లాడు. "పెద్దయ్యా, ఒక్కసారి... మూడు దెబ్బలు చాలు."

"డబ్బేసిందా?"

జెకర్యా గంట తాడు పైకి లాగి దూలానికి కట్టేశాడు.

శవం లేచింది. గుడి ముందు నుంచే సాగింది. గంట పలకలేదు. అప్పుడు పోలమ్మ కొంగుముడి విప్పింది. చచ్చిన మేక మెడలోంచి తీసి దాచుకున్న చిరుగంట అందులో ఉంది. చెయ్యెత్తి ఊపింది. రూతమ్మ ఇంట్లోకి పరిగెత్తి తనది తెచ్చింది. యాకోబు తల వంచుకునే తనదీ ఊపాడు. సమాధుల దొడ్డి దాకా ఆ మూడే మోగాయి. మేకలమంద ఇంటికొస్తున్నట్టుందని పక్క ఊరివాళ్లు తొంగిచూశారు.

చాన్నాళ్లకి జెకర్యా కూడా పోయాడు. ఆయనకి గుడిగంట బాగా మోగింది. చిరుగంటలు మాత్రం ఎవరూ తేలేదు.

ఇప్పటికీ ఆ పాలెంలో మేకల్లేని ఇళ్లలో కూడా చూరుకి ఒక మేకగంట వేలాడుతుంటుంది. లేనివాళ్లు పోయిననాడు దాన్ని తీసి సమాధి దాకా ఊపుకుంటూ వెళ్తారు. ఎలీశమ్మ పేరు చెప్పి ఏడుస్తారు కూడా. కోతలయ్యాక అవే చేతులతో కుంచం పట్టుకుని బస్తాకి బస్తాన్నర కొలుచుకుంటారు. ఇదేమిటని అడిగితే, "ఆవిడ కాలం వేరులే" అంటారు.