నక్క చదివిన అడవి పటం

పిల్లలకు నోటితో కథలు చెప్పడమే గానీ, కాగితం మీద నేనెప్పుడూ ఒక్క ముక్క రాసి ఎరగను. ఇదే మొదలు. కథ మాత్రం నాకు బాగా తెలుసు, కాబట్టి తప్పులున్నా జంకకుండా రాస్తున్నాను.

బోడిగుట్ట అడవి ఎవరి పట్టాభూమీ కాదు. మేసేవాళ్ళు మేయొచ్చు, వేటాడేవాళ్ళు వేటాడొచ్చు. అందుకే అక్కడ దుప్పులూ, వాటికన్నా పెద్దవైన కణుజులూ నోరు గడ్డి మీద, చెవి గాలి మీద పెట్టుకుని బతుకుతాయి.

అందులో బూదమ్మ అనే ముసలి కణుజు ఉంది. మూడు రోజుల కిందట దాని కూతురు వాగు వంపులో, బోదగడ్డి పల్లంలో ఈనింది. పిల్ల నీరసంగా పుట్టింది. నాలుగడుగులు వేస్తే కూలబడుతోంది. ఇంకో రెండు రోజులైతే గానీ దానికి పరుగు రాదు. అందాకా అది ఎవరి కంటా పడకూడదు. బూదమ్మకు ఇక వేరే ధ్యాస లేదు.

ఆ పొద్దున నీళ్ళకు పోతుంటే రేవుబండ మీద నక్క కనిపించింది. ముందర పెద్ద కాగితం పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, మునసబులాగా కూర్చుంది. ఒంటి నక్కకు కణుజు బెదరదు.

"ఏం అల్లుడా, ఎవరి పెళ్ళి పత్రిక?" అంది బూదమ్మ.

"పెళ్ళి కాదత్తా, విందు. సర్వేవాళ్ళు గుడారం ఎత్తేసి పోతూ మరిచిపోయిన పటం ఇది. అడవంతా ఇందులోనే ఉంది. రేపు తెల్లారగట్ల రేచుకుక్కల నాయకుడు ఓబన్న తన మందనంతా తోలుకుని నేను చూపించిన చోటికే వస్తాడు. కార్జం నా వాటా."

"ఆలూ లేదు చూలూ లేదు, వాటా మాత్రం ఖాయమైందన్నమాట. వాసన పట్టి వేటాడే జాతికి కాగితమెందుకురా?"

"అది పాతకాలం మాటత్తా. ఊరికే అడవంతా తిరిగి కాళ్ళు అరగదీసుకోవడమెందుకు? ముందే చూసుకుని నేరుగా పోవడమే. రా, నువ్వూ చూడు. నీ అడవేగా."

ఎందుకు రమ్మంటోందో బూదమ్మకు తెలుసు. పటం చూస్తే కళ్ళు తనవాళ్ళు ఉన్నచోటే నిలబడతాయి. ఆ చూపు పట్టుకుందామని నక్క ఎత్తు. పోకపోతే దాస్తోందని తేలిపోతుంది. నింపాదిగా వెళ్ళి తల వంచింది.

పటంలో వాగు నీలంగా, కొడవలిలా వంగి ఉంది. ఆ వంపులో పచ్చటి మరక. బోదగడ్డి పల్లం. నక్క గోరు అప్పటికే ఆ మరక పక్కకు చేరింది.

"ఇక్కడ మేత బాగుండేట్టుందే అత్తా?"

బూదమ్మ చూపు అక్కడ నిలపలేదు. పైకి జరిపింది. పైన, గద్దబండ ఉండాల్సిన చోట, సన్నటి గీతలు వెంట్రుకల్లా ఒకదాన్నొకటి ఆనుకుని కుప్పపడి ఉన్నాయి. పల్లం మీద ఒక్క గీతా లేదు.

"ఈ గీతలేంటి అల్లుడా?"

నక్కకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం దాని వంశంలోనే లేదు. "అవా? దారులు. మీ గిట్టలు పడి పడి అరిగిన దారులు."

గద్దబండ మీద చీమలు కూడా దారి వేయలేదని బూదమ్మకు తెలుసు. అది నిట్టనిలువు రాయి. నేల ఎంత నిలువుగా లేస్తే గీతలు అంత దగ్గరికి వస్తాయి కాబోలు అనుకుంది మనసులో. పైకి మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, మెల్లగా ముందుగిట్ట ఎత్తి ఆ గీతల కుప్ప మీద పెట్టింది.

"కాలు తియ్యత్తా."

"ఈగ వాలిందిరా."

"వాలిన ఈగ ఊరు దాటి పోయింది. తియ్."

"ఈ పిచ్చి గీతలతో నీకేం పని అల్లుడా? ఆ పల్లానికి పొండి. పచ్చగా ఉందిగా."

నక్క నవ్వింది. "నన్ను పల్లానికి తోలుదామనా? దారే లేని చోట మీ మంద ఎట్లా ఉంటుంది? నీ కాలే చెప్పింది, చాలు."

బూదమ్మ తల వేలాడేసుకుని వెళ్ళిపోయింది. మలుపు తిరిగాకే తల ఎత్తింది.

మర్నాడు తూరుపు తెల్లబడుతుండగా కూతురి పక్కన, పిల్లకు అడ్డంగా బోదలో పడుకుని ఉంది. గట్టు మీద అడుగుల చప్పుడు. ఒక రేచుకుక్క ఆగింది.

"ఓబన్నా, పాల వాసన. ఇక్కడే, ఈ పల్లంలోనే."

బూదమ్మ మెడ చాచి పిల్లను కప్పింది.

"మళ్ళీ వాసనలా?" అంది నక్క. "పటం మొత్తం నేను చదివాను మామా. అక్కడ ఒక్క దారీ లేదు. పొద్దెక్కితే పైనున్న మంద కదిలిపోతుంది. నడవండి."

ఓబన్న ఒక్క క్షణం గాలి పీల్చాడు. "సరే, నీ మాటే చూద్దాం. పదండిరా."

అడుగులు గద్దబండ వైపు పోయాయి. కాసేపటికి పైనుంచి ఓబన్న గొంతు వినిపించింది.

"దారులెక్కడరా?"

"ఇక్కడే మామా. ఒకటి కాదు, బోలెడు."

"ఇది గోడరా."

"ఎక్కితే కనిపిస్తాయేమో."

ఎవరో ఎక్కబోయారు. రాయి జారింది. బండ కింద వేలాడే కొండతేనె పట్టు కదిలి ఈగలన్నీ లేచాయి. అంతే, గద్దబండ నుంచి వాగు దాకా ఒకటే కుయ్యోమొర్రో. రేచుకుక్కలన్నీ మడుగులో దూకి ముక్కులు మాత్రం పైకి పెట్టాయి. అన్నిటికన్నా వెనక, కళ్ళు పూడిపోయి, దారి తడుముకుంటూ నక్క వచ్చింది.

"మామా, పటంలో..."

"కార్జం కదరా నీ వాటా? ముందీ వాపు ఉంచుకో," అన్నాడు ఓబన్న. "ఇంకోసారి కాగితం మాట ఎత్తావంటే నిన్నే తింటాం." తడిసిన మందను వెంటబెట్టుకుని గుట్ట దాటిపోయాడు.

ముక్కు చెప్పింది వదిలేసి, పటం చెప్పనిది నమ్మినవాడికి వాపే మిగులుతుంది.

తర్వాతి రోజు పొద్దున పిల్ల తడబడకుండా పరుగెత్తింది. బూదమ్మ కూతురినీ పిల్లనీ వాగు దాటించి, తిరిగి రేవుబండ దగ్గరికి వచ్చింది. పటం ఇంకా రాళ్ళ కిందే ఉంది. సర్వేవాళ్ళ చేతి చెమటకు కాగితం కాస్త ఉప్పగా తగిలింది. పచ్చమరక దగ్గర మొదలుపెట్టి, గద్దబండ దాకా తీరిగ్గా నమిలి తినేసింది.