కట్టమట్టి పొయ్యి

అనగనగా కొండకింద ఒక ఊరు. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే నేను చెప్పను! ఆ ఊరి పేరు కందివలస. కొండమీద వాన పడితే చాలు, గెడ్డ, అదే కొండవాగు, పొంగి ఊరిమీదికి వచ్చేసేది. అందుకని పాతకాలంవాళ్ళు గెడ్డకి అడ్డంగా మట్టికట్ట వేశారు. వరద వచ్చి కట్ట వెనక ఆగేది. ఆగి, అడుగునున్న తూములోంచి కొంచెం కొంచెంగా ఏటికి పోయేది. ఎండాకాలంలో అక్కడ చుక్క నీళ్ళుండేవి కాదు. మేకలు మేసేవి, నీలాంటి కోతిమూక కేకలేస్తూ దొర్లేది.

ఆ కట్టమట్టి ఉందే, అబ్బ, వెన్నే అనుకో! దాంతో పొయ్యి వేస్తే బీటన్నది ఎరగదు. అందుకని కొత్తకోడలు వస్తే కట్టనుంచి తట్టెడు మట్టి తెచ్చి తన పొయ్యి తనే వేసుకునేది. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తే తట్టెడు మట్టి వెంట తీసుకెళ్ళేది. ఆ పొయ్యిమీద అన్నం ఉడుకుతుంటే పుట్టినూరు పక్కనే ఉన్నట్టు ఉండేదట. కట్టంటే అంత ప్రేమ వాళ్ళకి.

అప్పుడు ఆ ఊరికి గవరమ్మ అనే పిల్ల కోడలిగా వచ్చింది. ఏటి అవతలి పిల్ల. అమ్మ గుర్తొస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎవరైనా చూస్తే "పొగ" అనేది. అత్త సూరమ్మకి నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. వాళ్ళ ఇల్లు సరిగ్గా కట్ట కిందే.

వచ్చిన వారానికే గవరమ్మ తట్ట పట్టుకుని మట్టికి వెళ్ళింది. చూస్తే అందరూ తవ్వేది ఒక్కచోటే, ఇళ్ళకి దగ్గరని. అక్కడ మేక పడుకునేంత గొయ్యి. ఇంటికొచ్చి, "అత్తా, అక్కడ కట్ట పలచబడిపోయింది. ఇంక తవ్వొద్దని చెప్పవా?" అంది.

సూరమ్మ పకపకా నవ్వింది. "ఓలి పిల్లా, తట్టెడు మట్టికి కట్ట తరిగిపోతాదా? మా అత్త తెచ్చింది, నేను తెచ్చాను, ఏమైంది?"

ఆ తర్వాతి ఏడు ఆడపడుచు కాపురానికి వెళ్తుంటే మళ్ళీ గవరమ్మనే మట్టికి పంపారు. ఈసారి గొయ్యి ఆవు పడుకునేంత అయింది. వానలు వెళ్ళిపోయినా అడుగున తడి ఆరలేదు. గవరమ్మ అదే మాట చెప్పింది. "శుభమా అని పిల్ల వెళ్తుంటే ఏం మాటలే అవి!" అని అత్త కసిరింది.

ఆ తర్వాత మూడో ఏడు వచ్చింది శ్రావణం. అమ్మో, అదేం వానే! కట్ట వెనక గెడ్డ నిండిపోయింది. పొద్దున్నే పొయ్యిమీద గంజి పెట్టి, మనసాగక గవరమ్మ వెళ్ళి చూసింది. గోతిలోంచి నీరు కారుతోంది. అదీ ఎర్రగా! ఎర్రగా వస్తోందంటే లోపల మట్టి కరిగి బయటికి వచ్చేస్తోందన్నమాట, బంగారూ. ఇంకాసేపటికి కట్ట తెగుతుంది, కిందున్న ఇళ్ళు ఉండవు.

గవరమ్మ కేకలకి ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ముందు ముసలివాళ్ళనీ పిల్లల్నీ మిట్టకి ఎక్కించారు. అప్పుడు మగవాళ్ళు పారలు పట్టి గొయ్యి పూడ్చబోయారు. ఎక్కడ తవ్వినా బురదే. వేసింది వేసినట్టే జారిపోయింది. ఎండిన మట్టి ఏదీ?

అప్పుడు గవరమ్మ చూపు తన ఇంటి పొగమీద పడింది. ఒక్క పరుగున వెళ్ళి గంజికుండ దించింది, కట్టెలు లాగేసింది, రోకలి ఎత్తి తన పొయ్యి పగలగొట్టేసింది!

"ఓలమ్మో, నా కోడలికి పిచ్చెక్కింది!" అని సూరమ్మ గుండెలు బాదుకుంది.

"అత్తా, ఊరంతటా ఎండిన మట్టి పొయ్యిల్లోనే ఉంది. కట్టదే కదా, కట్టకే ఇచ్చేద్దాం."

సూరమ్మ తన పొయ్యికేసి చూసింది. పెళ్ళికూతురుగా వేసుకున్న పొయ్యి. పోయిన పెనిమిటి ఆ పొయ్యి పక్కనే పీట వేసుకుని తినేవాడు. సూరమ్మ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే కోడలి చేతిలో రోకలి లాక్కుని, తన పొయ్యి తనే పగలగొట్టింది.

అంతే! ఇంటింటా రోకళ్ళు లేచాయి. పొయ్యిల మట్టి గోనెల్లో నింపి, కింద గడ్డి పరిచి, గోతినిండా పేర్చి తొక్కారు. ఎర్రనీరు తగ్గింది. ఆ తర్వాత తేటనీరు వచ్చింది. సాయంత్రానికి గెడ్డ కూడా తగ్గింది. ఆ రోజు ఊళ్ళో ఒక్క పొయ్యి లేదు. అందరూ అటుకులూ బెల్లం తిని నవ్వుకున్నారు.

ఎండలొచ్చాక ఆ చోటంతా విప్పి, మంచి మట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టారు. అప్పుడు సూరమ్మ కోడల్ని పిలిచి, "మీ అమ్మని చూసి రావే. వచ్చేటప్పుడు మీ ఊరి బంకమట్టి తట్టెడు పట్టుకురా," అంది. ఆ మట్టి కట్టలో వేయించింది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవ్వరూ కట్ట తవ్వలేదు. వచ్చిన ప్రతి కోడలూ పుట్టింటినుంచి ఒక తట్ట తెచ్చి వేసింది.

అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా గవరమ్మ, "అత్తా, పుట్టింటికి వెళ్ళొస్తా," అని కట్టమీదికి వెళ్ళేది. చెప్పులు విడిచి తన మట్టిమీద నిలబడేది. ఊరికే నిలబడి వచ్చేస్తుందా? ఎక్కడ బీటుందో, ఎక్కడ ఎలక బొరియ పెట్టిందో చూసి వచ్చేది. ఎవరి పుట్టిల్లు వాళ్ళు చూసుకోరూ? అలా కోడళ్ళందరూ చూసుకున్నారు.

ఆ గవరమ్మ ఎవరనుకున్నావు? మా అత్త. నా తట్ట ఆవిడ తట్ట పక్కనే ఉంది. మా అమ్మ తవ్వి తలకెత్తిన మట్టి. రేపు పొద్దున్న రా, మా పుట్టిల్లు చూపిస్తాను. ఈసారి సెలవులకి వచ్చేటప్పుడు మీ ఊరి మట్టి ఒక గుప్పెడు పట్టుకురా, నా పక్కన వేద్దాం.

కథ వెళ్ళింది కంచికి,
గెడ్డ వెళ్ళింది ఏటికి,
తట్ట మట్టి కట్టకి,
తల్లీ నువ్వు నిద్దరకి.