తూచి పోసిన మందు

శేషయోగి దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే బాధతో వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో మాట పట్టుకుని వెళ్లేవాళ్లు. పాలకొండల కింద ఆయన ఆశ్రమంలో కొంతకాలంగా ఉంటున్న విరూపాక్షానికి ఇది మింగుడుపడేది కాదు. విరూపాక్షం హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒక ప్రశ్నకు ఒక్క జవాబే ఉండాలని జీవితమంతా పిల్లలకు నేర్పినవాడు.

ఒకనాటి ఉదయం ఇద్దరు రైతులు వచ్చారు. ఇద్దరిదీ అన్నదమ్ముల తగాదాయే, ఇద్దరికీ పొలం గట్టు దగ్గరే పేచీ. మొదటివాడితో యోగి, "వదిలెయ్ నాయనా, పోతే పోనీ ఆ గట్టు" అన్నాడు. రెండోవాడితో, "పోయి మీ అన్నను అడుగు. అడిగేదాకా నీకు అన్నం సహించదు" అన్నాడు. వాళ్లు మెట్లు దిగి వెళ్లేదాకా విరూపాక్షం ఎలాగో ఓర్చుకున్నాడు.

"స్వామీ, మంచి మాట ఎవరికైనా మంచిదే కావాలి గదా! తమరు చెప్పినవాటిలో మేలైనవి ఏరి కరపత్రంగా అచ్చువేయిస్తాను. ఊరూరా ఊరికే పంచుతాను. ఇంత దూరం వచ్చే శ్రమ జనానికి తప్పుతుంది."

యోగి కొండకు అవతలి పక్క పల్లెలో జరిగిన ఒక సంగతి చెప్పాడు.

ఆ పల్లెలో చెన్నకేశవులు అనే రైతు ఉండేవాడు. కొండవార చేను, వేరుశనగ పంట. కాయ ఊరే రోజుల్లో అడవిపందులు దిగాయంటే తెల్లారేసరికి చేనంతా నాగలితో తిరగేసినట్టు ఉండేది. పంట కాపుకని లైసెన్సు తెచ్చుకుని ఒంటిగొట్టం తుపాకి కొన్నాడు. తుపాకి ఒకసారి కొంటే సరిపోయె, తూటాలు అట్లా కాదు. టౌను అంగట్లో వాటి ధర ఏటికేడు పెరుగుతూనే ఉంది. అందుకని కేశవులు కాల్చిన తూటాల డొల్లలు పారెయ్యకుండా ఏరుకొచ్చి, తుపాకిమందూ సీసపు రవ్వలూ ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం నేర్చుకున్నాడు. చెయ్యకూడని పనే. అయితే ఆ కొండవార పల్లెల్లో అప్పట్లో అడిగే నాథుడు లేడు.

చేస్తే మాత్రం ఆషామాషీగా చెయ్యలేదు. పొయ్యి ఆర్పించి, పిల్లల్ని పక్కింటికి తోలి, తలుపు దగ్గర వెలుతురులో కూర్చునేవాడు. కంసాలి త్రాసు ఒకటి సంపాదించాడు. అది చేతిలో ఉన్నంతసేపూ ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. "పెండ్లిచూపుల్లో నన్ను గూడా ఇంత పరీక్షగా చూడలే ఈ మనిషి" అని భార్య ఈరమ్మ నవ్వేది. తన తుపాకికి మందూ రవ్వలూ ఏ పాళంలో కుదురుతాయో కనుక్కోవడానికి ఆయనకు ఒక పంటకాలం పట్టింది. అది కొత్త తుపాకి, గొట్టం మందం. కాస్త ఘాటైన తూటానే కోరేది. పాళం కుదిరాక మరి ఒక్క తూటా కూడా వమ్ము కాలేదు. మొదట్లో ఖర్చు కలిసొచ్చిందని సంతోషపడ్డాడు. పోను పోను ఆ సంతోషం పలచబడి, అంగడి తూటా తన తూటా కాలిగోటికి చాలదన్న గర్వం మిగిలింది.

పక్క చేను దస్తగిరిది. చిన్ననాటినుంచి ఇద్దరూ ఒకరినొకరు మామా అని పిలుచుకునేవాళ్లు. దస్తగిరి దగ్గర వాళ్ల తాతనాటి తుపాకి ఉండేది. ఆ ఏడు వానలు వెనకబడి పంట అంతంతమాత్రం. ఆ ఉన్నదాంట్లో సగం పందులపాలైంది. ఒక పొద్దున దస్తగిరి పరుగున వచ్చాడు.

"మామా, నీ తూటాలు ఒక గుప్పెడియ్యి. నేను టౌనుకు పోయొచ్చేలోగా చేను మిగిలేట్టు లేదు."

"అవి నా తుపాకికని చేసుకున్నవప్పా."

"తుపాకి తుపాకే గదా! నీ దాంట్లో దూరేది నా దాంట్లో దూరదా?"

కేశవులు ఒక్క క్షణం ఆలోచించాడు. దూరే మాట నిజమే. పైగా తన పనితనాన్ని మెచ్చి ఒకరు చెయ్యి చాచడం ఆయనకు లోలోపల ఎంతో బాగుంది. దస్తగిరి డబ్బులు తియ్యబోతే, "మన మధ్య దుడ్లేంది?" అని కసురుకుని ఎంచి మంచివి ఇచ్చి పంపాడు.

"ఆ పాత తుపాకికా ఇచ్చినావు?" అంది ఈరమ్మ.

"తూచి పోసినవే. వీసమెత్తు తేడా ఉండదు" అన్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు దీపాలు పెట్టేవేళ పక్క చేలోంచి చప్పుడు వినబడింది. అది తుపాకి పేలిన చప్పుడులా లేదు. ఏదో పగిలినట్టుంది. కేశవులు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. దస్తగిరి గట్టు మీద కూర్చుని, ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, అది తనది కానట్టు దాని వంక చూస్తున్నాడు. తుపాకి గొట్టం అరటితొక్కలా విచ్చుకుని పక్కన పడివుంది. కేశవులు తలగుడ్డ విప్పి ఆ చేతికి చుట్టి, ట్రాక్టరు మీద పెద్దాసుపత్రికి చేర్చాడు. కళ్లు దక్కాయి. ఎడమచేతికి బొటనవేలొక్కటే దక్కింది. దస్తగిరి భార్య పేరు మాబున్ని. ఆమె కేశవుల్ని పల్లెత్తు మాట అనలేదు. తాగడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ తడవ నింపినవి ఇంకా కొన్ని ఇంట్లో ఉన్నాయి. కేశవులు వాటిని ఒక్కొక్కటే విప్పి తూచాడు. ఎక్కడో చెయ్యి జారి ఉంటుంది, ఆ జారింది కంటబడితే దాన్ని పట్టుకుని ఏడవొచ్చు అనుకున్నాడు. ఏదీ తప్పలేదు. అన్నీ పాళం ప్రకారమే ఉన్నాయి. ఆఖరుదాన్ని విప్పకుండా తన తుపాకిలో పెట్టుకుని చేలోకి పోయి పేల్చాడు. దెబ్బ భుజానికి ఎప్పటిలాగే, మెత్తగా తగిలింది. ఆ డొల్లను ఏరుకోకుండానే ఇంటికి మళ్లాడు.

దస్తగిరి ఇంటికి వచ్చాక పోయి మంచం పక్కన కూర్చున్నాడు.

"నా పాళం తప్పలేదప్పా. తప్పి ఉంటే బాగుండు."

దస్తగిరి కట్టు కట్టిన చేతిని కాసేపు చూసుకున్నాడు. "మా తాత కాలంనుంచి ఆ తుపాకీ ఎన్నడూ మోసం చెయ్యలే మామా. దాన్నేమని తిట్టేది?"

బయట మాబున్ని బియ్యం చెరుగుతున్న చప్పుడు వినబడుతూ ఉంది.

ఆ ఏటినుంచి రెండు చేల సేద్యమూ, రెండు చేల కాపూ కేశవులే చూశాడు. తూటాలు నింపుకోవడం మాత్రం మానలేదు. మానితే అన్ని తూటాలు కొనే స్తోమత ఆయనకు లేదు. ఎవరైనా వచ్చి నాలుగిమ్మని అడిగితే, "నీ తుపాకి తెచ్చి నా దగ్గర ఒక పంటకాలం ఉంచు. దాని సంగతి తెలిశాక చూస్తాం" అనేవాడు. తూటా అడిగితే తుపాకి అడిగే పిచ్చోడని జనం నవ్వుకుని పోయేవాళ్లు. ఒకతను మాత్రం నిజంగానే తెచ్చి ఇచ్చాడు. కేశవులు దాన్ని రోజుల తరబడి తుడిచి, వెలుతురుకు పట్టి లోపలికి చూసి, చివరికి తిరిగి ఇచ్చేస్తూ, "దీనికి నా దగ్గర ఏమీ లేదప్పా. దీన్ని పేల్చొద్దు" అన్నాడు. అతను కోపగించుకుని వెళ్లిపోయాడు.

యోగి అంతటితో ఆపాడు. విరూపాక్షం మనసు ఆ పల్లె దాటి రాలేదు.

"పాపం, ఆ కేశవులు మంచి మనసుతోనే ఇచ్చాడు గదా స్వామీ!" అన్నాడు.

యోగి పైగుడ్డ భుజాన వేసుకుని లేచాడు.

"మంచి మనసుతోనే ఇచ్చాడయ్యవారూ. ఇచ్చింది కూడా మంచి మందే."