ఓబులమ్మ అన్న ఒక్క ‘సరే’

అనగనగా ఒక అడవి. అడవంటే పచ్చగా ఉంటుందనుకునేరు! రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని కరువడవి అది. అక్కడ ఓబులమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. ఆమెకు తోడు బసప్ప అనే అడవిపంది, కదిరయ్య అనే కాకి. గుట్ట కింది ఎర్రనేలలో ముగ్గురూ కలిసి వేరుశనగ పండించేవారు. బసప్ప మూతితో సాలు తీస్తాడు. కదిరయ్య గింజ వేస్తాడు. విత్తనపు కాయలు దాచి, ఒలిచి ఇచ్చే పని ఓబులమ్మది.

రెండేళ్ళు వానల్లేవు. ముగ్గురూ పస్తులున్నారు గానీ, చెట్టు తొర్రలో దాచిన విత్తనాన్ని ముట్టుకోలేదు.

అక్కడొక పద్ధతుంది. తొలివానకు నేల జానెడు లోతు తడిసాకే కాయ ఒలవాలి. తడి ఆరేలోగా, మూడు రోజుల్లో విత్తాలి. ఆ మూడు రోజులూ ఓబులమ్మకు నిద్ర ఉండదు. గోళ్ళు చీలి నెత్తురు కారుతుంది.

ఎండాకాలం మొదట్లో బసప్ప వచ్చాడు.

“ఓబులక్కా, ఊరికే కూర్చున్నాం గదా. ఇప్పుడే ఒలిచి పెట్టుకుంటే పోలా? వాన పడ్డ రోజే విత్తేయొచ్చు.”

“వద్దురా. గింజకు తొక్కే ఇల్లు. ఇల్లు పీకి ఎండలో నిలబెడితే ఎవరు బతుకుతారు? మా అమ్మ ఎప్పుడో చెప్పింది.”

పది రోజులకు కదిరయ్య వచ్చాడు.

“మీ అమ్మ చెప్పింది సరే అక్కా. వచ్చి ఒలుస్తుందా?”

“నోర్ముయ్!” అంది ఓబులమ్మ.

మూడోసారి ఇద్దరూ కలిసి వచ్చారు. పస్తులతో ఆ రోజు ఆమెకు చెయ్యి ఎత్తే సత్తువ కూడా లేదు. ముందే ఒలవడం తప్పని తెలుసు. తెలిసీ, వాదించే ఓపిక లేక, “సరే, మీ ఇష్టం. నన్ను విసిగించకండి” అంది.

అంతే పిల్లలూ. ఆ ఒక్క మాటే!

వాళ్ళిద్దరూ నీడలో నవ్వుకుంటూ కూర్చుంటే, ఓబులమ్మ రోజుకు కొన్ని చొప్పున ఒలిచింది. బసప్ప విరిగిన పప్పొకటి నోట్లో వేసుకుని, “దీనికి బెల్లం కలిపి ఉండ చేస్తేనా, నా సామిరంగా!” అన్నాడు. ఓబులమ్మ నవ్వలేదు. మనసొప్పక, చారెడు కాయలు ఒలవకుండా తొర్ర అడుగునే వదిలేసింది.

రెండు నెలలు ఎండలు మండాయి. తర్వాత వాన పడింది. ఒక్క రోజులో విత్తేశారు.

“చూశావా అక్కా, ఎంత సులువో!” అని కదిరయ్య ఎగిరాడు.

అయిదో రోజు మొలక లేదు. ఏడో రోజూ లేదు. తొమ్మిదో రోజు బసప్ప సాలు తవ్వాడు. గింజలన్నీ నల్లబడి కుళ్ళిపోయాయి.

“విత్తనం మోసం చేసిందక్కా!”

“విత్తనమేం చేసిందిరా? తెలియక మీరు చెప్పారు. తెలిసి నేను విన్నాను. తప్పు నాది.”

ఏడవడానికి కూడా తీరిక లేదు. ముందురోజు మళ్ళీ పడ్డ జల్లు తడి కూడా అప్పటికే ఆరుతోంది. ఆమె తొర్రలో మిగిల్చిన చారెడు కాయలూ తెచ్చి ఒలవసాగింది. “నేనూ ఒలుస్తా” అని బసప్ప గిట్ట వేశాడు. రెండు కాయలు పిండి అయ్యాయి.

“నీకు రాదు గానీ, పో, సాలు తియ్!”

ఆ ఒక్క సాలే మొలిచింది. తట్టెడు కాయలు వచ్చాయి. అవి తినడానికి కాదు, మళ్ళీ విత్తనానికే. ముగ్గురూ తుంగగడ్డలు తిని ఆ యేడు ఈడ్చారు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. బసప్ప తొర్ర కింద నిలబడి, “ఓబులక్కా...” అని ఆగిపోయాడు.

“ఏంరా?”

“ఏం లేదక్కా. నీ గోళ్ళు ఎట్లున్నాయో అని.”

“అట్లే ఉన్నాయి” అంది ఓబులమ్మ, తొర్ర వాకిలికి అడ్డంగా పడుకుంటూ.

నీతి: అలసిపోతే పడుకో, తప్పు లేదు. అలసిపోయానని తప్పుకు మాత్రం ‘సరే’ అనకు.