గారడీ అవ్వ సంచి

రాజు వీరకేసరికి మూడు రోజులుగా కళ్ళు మూస్తే చాలు, మామిడి పూత వాసనే. ఆ రోజు కోటలో ఆట ఆడుతూ గారడీ ఎల్లవ్వ వట్టి నేల మీద దుప్పటి కప్పింది. ఎత్తేసరికి అక్కడ పూతతో సహా మోకాలెత్తు మామిడి మొక్క! ఆ ఆకుల గలగల ఆయన కలల్లోకీ వచ్చేసింది.

చివరికి ఉండబట్టలేక ఆమెను సభకు పిలిపించాడు. "ఆ రహస్యం చెప్పు. లేదంటే నా రాజ్యంలో గారడీవాళ్ళెవరూ ఇక డోలు ముట్టకూడదు."

ఎల్లవ్వ తన భుజాన ఉన్న సంచి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "అంతా ఇందులోనే ఉంది దొరా. మూతి గట్టిగా పట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తూ ఉండండి. సభలో ఎవరూ నోరు మెదపకూడదని చెప్పండి."

రాజు అలాగే ఆజ్ఞ ఇచ్చి, సంచి మూతి బిగించి పట్టుకున్నాడు. వెంట వచ్చిన ఎల్లవ్వ మొగుడి డోలు ఎక్కడో దూరాన పడే వానలా మోగింది. సంచి ఇసుమంతైనా కదల్లేదు.

"ఇక తలెత్తండి దొరా."

ఎదురుగా మామిడి మొక్క!

"ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఆ తలుపు వెనక నుంచి కుండీతో సహా నేనే మోసుకొచ్చి పెట్టాను. సభంతా చూసింది. మీరొక్కరే సంచిని చూస్తూ కూర్చున్నారు. మా విద్యంతా అంతే దొరా."

సభ నవ్వు బిగబట్టింది. రాజు సంచి విప్పి చూశాడు. ఖాళీ. పగలబడి నవ్వి, దాన్ని తన చేత్తోనే ఆమె భుజానికి తగిలించాడు.

"ఇంకొక్కసారి ఆడు అవ్వా. ఈసారి నాకేమీ చెప్పకు."