పిడి మీద రెండు బొమ్మలు

ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోయింది. పైన కొండల్లో మూడు రోజులుగా ఒకటే వాన. వచ్చే వరదకి సముద్రంలోకి దారి లేకపోతే గట్టు మీదికే ఎక్కుతుంది. ఆ గట్టు బొరియలోనే నీరుపిల్లి ఏటెమ్మకి నాలుగు పిల్లలు, ఇంకా కళ్లు తెరవనివి.

పూడిక తీయడానికి జంతువులన్నీ కలిసి ఇసుక తోడే పంపు దింపాయి. దాని వేగం మార్చే పిడికి ఒక కొసన కుందేలు బొమ్మ, ఇంకో కొసన తాబేలు బొమ్మ. జోరుకి అదీ, నెమ్మదికి ఇదీ గుర్తు, అంతే. కానీ బొమ్మ కనబడితే చాలు, కొందరికి వంశం గుర్తొస్తుంది.

కుందేలు చెంగయ్య పిడిని తన బొమ్మ దాకా తోశాడు. పంపు ఊగిపోయింది. గొట్టం చివర ఇసుక లేదు, ఉత్త నీళ్లు. చివరికి గొట్టం అతుకు ఊడి చెంగయ్య మూతి మీదే కొట్టింది. అతుకు మళ్లీ బిగించాక, నిదానమే ప్రధానమంటూ తాబేలు డిప్పయ్య పిడిని తన బొమ్మ వైపు లాగాడు. ఇసుక గొట్టంలోనే కూలబడి బిగుసుకుంది. అది దులిపేసరికి పూట గడిచింది. నీళ్లు బొరియకి మూరెడు దూరానికి వచ్చాయి.

మధ్యలో పెట్టండని ఏటెమ్మ మొత్తుకుంది. మధ్యలో ఎవరి బొమ్మా లేదు, పేరెవరికొస్తుందని ఇద్దరూ అడిగారు. పొద్దుట్నుంచి వాళ్లు కలిసింది ఆ ఒక్క మాట మీదే.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకాలు. తిడితే దారికి రారు. ఏటెమ్మ గొంతు మెత్తన చేసింది.

"చెంగయ్య బావా, గొట్టంలో ఇసుక కదులుతోందో లేదో పట్టాలంటే నీ చెవులే కావాలి. కాస్త అటు ఆనించవూ."

"మరి నేనో?" అన్నాడు డిప్పయ్య.

"నువ్వెక్కి కూర్చుంటేనే ఆ అతుకు నిలబడుతుంది మామా. బరువున్నవాళ్ల పని అది."

ఇద్దరూ ఉబ్బిపోయి కదిలారు. పిడి ఖాళీ అయింది. గులకలు ఆగి ఆగి దొర్లుతున్నాయని చెంగయ్య అరిస్తే ఏటెమ్మ కాస్త పెంచింది. పంపు గుటకలేస్తోందంటే తగ్గించింది. సర్రున జారుతోందన్న చోట ఆపింది. గొట్టం చివర చిక్కటి గంజిలా ఇసుక పడింది.

పొద్దువాలే వేళకి పూడిక తెగి మొగ తెరుచుకుంది. బొరియ గుమ్మం తడిపి నీళ్లు వెనక్కి తగ్గాయి. ఏటెమ్మ లోపలికి దూరి ఒక్కో పిల్లనీ ముక్కుతో తడుముకుని గాని ఊపిరి పీల్చుకోలేదు.

బయట చెంగయ్య, పిడి ఎవరి బొమ్మ దగ్గరుందని అడుగుతున్నాడు.

"వెళ్లి చూసుకోండి" అంది.

చూశారు. ఏ బొమ్మా లేని చోట, నట్టనడుమకి కూడా కాస్త పక్కన ఉంది. తాము వద్దన్న చోట దాన్ని నిలబెట్టింది ఒకరి చెవులూ ఇంకొకరి బరువూనేనని ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

వేగమెంతో ఇసుకనడగాలి, బొమ్మనడిగితే బొరియ మునుగుతుంది.